ఉచితంగా వచ్చారు కదా, అన్నీ చూడకండి

(కళాభిమానుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. చివర సభికుల ప్రశ్నలు కొన్ని.)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన అంశం "ఆర్ట్ మ్యూజియంలో డబ్బు ఖర్చు లేకుండా చేయదగ్గ పనులు". చూడగానే ఇదేదో పిసినారుల సభలా ఉందే అనుకున్నాను. (నవ్వులు) తర్వాత కూర్చుని లెక్క వేశాను. మ్యూజియంలో డబ్బు పెట్టి కొనేవి ఏమిటి? టికెట్, ఆడియో గైడ్, ప్రత్యేక ప్రదర్శన, కాఫీ, బయటికొచ్చే దారిలో దుకాణంలో పెయింటింగ్ అచ్చు వేసిన కప్పు. టికెట్ సంగతి పక్కన పెడితే, మిగతావాటిలో ఏదీ లేకపోయినా బొమ్మ చూడటానికి వచ్చిన లోటేమీ లేదు. చూడటం, కూర్చోవడం, గీసుకోవడం, అడగడం, మళ్లీ రావడం. మ్యూజియంలో అసలు పనులు ఇవే. వీటికి ఎవరూ బిల్లు వేయరు.

అయితే ఉచితం అనే మాటలో నాకు ఇంకో లాభం కూడా కనిపిస్తుంది. డబ్బు కట్టి లోపలికి వెళ్లినవాడి ప్రవర్తన గమనించండి. పైసా వసూల్ కావాలి. అందుకని మ్యాప్ పట్టుకుని ఒకటో గది నుంచి ఆఖరి గది దాకా ఒక్కటీ వదలకుండా తిరుగుతాడు. మూడో గది దాటేసరికి కాళ్లు పీకుతుంటాయి, పదో గదిలో కళ్లు తెరిచే ఉంటాయి కానీ ఏదీ లోపలికి వెళ్లదు. ఉచితంగా వెళ్లినవాడికి ఆ బాధ లేదు. ఒక్క బొమ్మ చూసి ఇరవై నిమిషాల్లో బయటికి రావచ్చు. ఎవరికీ బాకీ లేడు. ఉచిత ప్రవేశం వల్ల దొరికే అసలు సౌకర్యం ఇదేనని నా నమ్మకం. అన్నీ చూడకుండా వచ్చేసే హక్కు అన్నమాట. టికెట్ కొన్నా సరే, కొనలేదు అనుకుని తిరగమని నా సలహా.

ముందు ఉచితంగా తెరుచుకునే తలుపుల సంగతి గబగబా చెప్పేస్తాను. బ్రిటిష్ మ్యూజియం 1753లో ఏర్పడి, 1759 జనవరి 15న జనానికి తెరుచుకుంది. మొదటి రోజు నుంచీ ప్రవేశం ఉచితమే. కాకపోతే ఆ రోజుల్లో ముందుగా అర్జీ పెట్టుకుని టికెట్ సంపాదించాలి. ఉచితం అన్నంత మాత్రాన అందరికీ అందుబాటు అని కాదన్నమాట. పారిస్‌లోని లూవ్ర్ ఫ్రెంచి విప్లవం వేడిలో, 1793 ఆగస్టు 10న రాజుగారి భవనంలోనే ప్రజల మ్యూజియంగా తెరుచుకుంది. లండన్ నేషనల్ గ్యాలరీకి చోటు వెతికినప్పుడు, నగరానికి పడమటి వైపున్న ధనవంతులు బండ్లలోను, తూర్పు వైపు పేదలు నడిచీ రాగలిగేలా మధ్యలో ఉన్న ట్రఫాల్గర్ స్క్వేర్‌ను ఎంచుకున్నారు. ఆ ఊళ్లో అంతకుముందు టికెట్ పెట్టిన జాతీయ మ్యూజియంలు కూడా 2001 డిసెంబరు నుంచి శాశ్వత సేకరణలను ఉచితంగా చూపిస్తున్నాయి. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ 1941లో తెరిచినప్పటి నుంచీ టికెట్ లేదు. క్లీవ్‌ల్యాండ్ మ్యూజియం, లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ, బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ కూడా ఆ దారివే.

టికెట్ ఉన్నచోట కూడా సందులు ఉంటాయి. మాడ్రిడ్‌లోని ప్రాడోలో మూసే ముందు చివరి రెండు గంటలు ఉచితం. పారిస్‌లో ఓర్సే నెలలో మొదటి ఆదివారం, ఇటలీ ప్రభుత్వ మ్యూజియంలు కూడా మొదటి ఆదివారమే, వాటికన్ మాత్రం ఆఖరి ఆదివారం. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు చాలాచోట్ల ఎప్పుడూ ఉచితమే. బోస్టన్‌లో ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ మ్యూజియం అని ఉంది. మీ పేరు ఇసబెల్లా అయితే అక్కడ టికెట్ అక్కర్లేదు. (నవ్వులు) పేరు మార్చుకోలేం కాబట్టి ఇంకో దారి, పుట్టినరోజు నాడు వెళ్లినా ఉచితమే. ఈ వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు ఆ మ్యూజియం వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి. ఉచితమైనా ఆన్‌లైన్‌లో సమయం బుక్ చేసుకోమనే చోట్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. ఇంకో మాట, ఉచిత ఆదివారం అంటే జనసముద్రం. నా మట్టుకు నేను అయితే ప్రాడో సాయంత్రాన్ని ఎంచుకుంటాను. రెండు గంటలే ఉంటుంది కాబట్టి అన్నీ చూసేద్దామన్న దురాశ మొదట్లోనే చచ్చిపోతుంది.

ఇక లోపలికి వెళ్దాం. మొదటి పని, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పని, ఒక్క బొమ్మ ముందు కూర్చోవడం.

దీనికి నాకు ఎంతో ఇష్టమైన ఉదాహరణ యుద్ధకాలంలోది. రెండో ప్రపంచయుద్ధంలో లండన్ మీద బాంబులు పడుతుంటే నేషనల్ గ్యాలరీ తన పెయింటింగులన్నిటినీ వేల్స్‌లో మనోద్ అనే కొండలో ఉన్న పలకరాయి గనిలో దాచింది. గోడలన్నీ బోసిపోయాయి. అప్పుడు కొందరు, ప్రమాదం ఉన్నా ఫరవాలేదు, కనీసం ఒక్క బొమ్మైనా చూపించండి అని అడిగారు. 1942 నుంచి నెలకొక్క పెయింటింగ్ గనిలోంచి తెచ్చి పెట్టడం మొదలైంది. టిషియన్ గీసిన 'నోలి మే తాంగెరె' అలా మొదట్లోనే వచ్చింది. సమాధి నుంచి లేచిన క్రీస్తు, ఆయన్ను గుర్తుపట్టి చెయ్యి చాచిన మగ్దలీన్. ఆ ఒక్క బొమ్మ కోసం జనం బాంబుల ఊళ్లో నడిచి వచ్చారు. ఇప్పుడు అదే భవనంలో రెండు వేలకు పైగా పెయింటింగులు ఉన్నాయి. అదే టిషియన్ ముందు నుంచి మనం మొక్కుబడిగా నడిచి వెళ్లిపోతాం. ఎక్కువ ఉండటం వల్ల వచ్చిన ఇబ్బంది ఇది.

ఎంత మొక్కుబడిగానో కొలిచినవాళ్లు కూడా ఉన్నారు. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో సందర్శకులను గమనించి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. పేరున్న గొప్ప బొమ్మల ముందు మనిషి నిలబడే సమయం సగటున 27 సెకండ్లు. ఆ 27 సెకండ్లలోనే పక్కనున్న లేబుల్ చదవడం కూడా అయిపోతుంది. ఇంక బొమ్మకు మిగిలేది ఎంతో మీరే చెప్పండి.

దీనికి పూర్తి వ్యతిరేకంగా హార్వర్డ్‌లో కళాచరిత్ర చెప్పే ప్రొఫెసర్ జెన్నిఫర్ రాబర్ట్స్ తన విద్యార్థులకు ఒక పని పెడతారు. ఒకే బొమ్మ ముందు మూడు గంటలు కూర్చోవాలి. ఆమె తానే చేసి చూసిన బొమ్మ బోస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉంది. జాన్ సింగిల్టన్ కాప్లీ 1765లో గీసిన కుర్రవాడి చిత్రం. బల్ల దగ్గర అబ్బాయి, అతని చేతిలో సన్నని గొలుసు, గొలుసు చివర పెంపుడు ఉడుత, పక్కన గ్లాసుతో నీళ్లు. తొమ్మిది నిమిషాలు గడిచాక ఆమెకు ఒక సంగతి కనిపించింది. అబ్బాయి చెవి ఆకారం, ఉడుత పొట్ట మీది తెల్ల బొచ్చు అంచు ఆకారం ఒకటే. ఇరవై ఒక్క నిమిషాలకు, గొలుసు పట్టుకున్న వేళ్ల మధ్య దూరం, గ్లాసు మూతి వెడల్పు సరిగ్గా సమానమని తెలిసింది. నలభై ఐదు నిమిషాలకు, వెనక తెర మీద ఊరికే పడ్డాయనుకున్న మడతలు చెవి, కన్ను ఆకారాలనే మళ్లీ చెబుతున్నాయని తెలిసింది. ఆమె కళాచరిత్ర ప్రొఫెసర్ అండీ. ఆమెకే తొమ్మిది నిమిషాలు పట్టింది. మనకు అరగంట పడితే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మూడు గంటలు నేను అడగను. పది నిమిషాలు చాలు. బెంచీ ఎదురుగా ఉన్న బొమ్మనే ఎంచుకోండి. గొప్ప బొమ్మా కాదా అని చూడకండి, బెంచీ ఉందా లేదా చూడండి. (నవ్వులు) మొదటి రెండు నిమిషాలు బాగానే గడుస్తాయి. మూడో నిమిషంలో విసుగు వస్తుంది, చెయ్యి ఫోను మీదికి పోతుంది. అక్కడ లేవకండి. విసుగు దాటాక కన్ను మళ్లీ తిరగడం మొదలుపెడుతుంది. ఈసారి మొహాలు వదిలేసి చేతులు చూస్తుంది, చేతులు వదిలేసి వెలుగు ఎటువైపు నుంచి వస్తోందో చూస్తుంది. ఆ వెలుగు ఇచ్చే కిటికీ బొమ్మలో ఉందా, బొమ్మ బయట ఉందా అని అనుమానం వస్తుంది. అప్పటి నుంచి మీరు చూస్తున్నట్టు లెక్క.

రెండో పని కాళ్లది. బొమ్మకు ఎదురుగా, నాలుగడుగుల దూరంలో బిగుసుకుని నిలబడాలని ఎవరు నేర్పారో కానీ అందరం అలాగే నిలబడతాం. కొన్ని బొమ్మలు మనల్ని నడిపించడానికే గీశారు. లండన్ నేషనల్ గ్యాలరీలోనే హోల్బైన్ 1533లో గీసిన 'రాయబారులు' ఉంది. ఇద్దరు నిలువెత్తు మనుషులు, మధ్యలో అర మీద గ్లోబులు, వాద్యాలు, పుస్తకాలు. కింద నేల మీద మాత్రం ఏదో సాగదీసిన మచ్చ అడ్డంగా పడి ఉంటుంది. ఎదురుగా నిలబడితే అదేమిటో తెలియదు. బొమ్మకు కుడి చివరికి వెళ్లి, గోడకు దాదాపు ఆనుకుని ఏటవాలుగా చూడండి. ఆ మచ్చ పుర్రె అయిపోతుంది! అదే సమయంలో ఆ ఇద్దరు దర్జా మనుషులూ చెదిరిపోతారు. రెండూ ఒకేసారి సరిగ్గా కనిపించవు. అది చూశాక మళ్లీ ముందుకొచ్చి వెతకండి. వీణలాంటి వాద్యానికి ఒక తీగ తెగి ఉంటుంది. పైన ఎడమ మూల ఆకుపచ్చ తెర వెనక సగం దాగిన చిన్న శిలువ ఉంటుంది. ఇదంతా ఆ గదిలో నడిచినవాళ్లకు దొరికేదే, ఆడియో గైడ్ అద్దెకు తీసుకోనక్కర్లేదు.

షికాగోలో జార్జ్ సూరా గీసిన 'గ్రాండ్ జాట్' అనే నదీతీరం బొమ్మ ఉంది. రెండు మీటర్ల ఎత్తు, మూడు మీటర్ల పొడవు. దగ్గరికి వెళ్తే రంగు చుక్కలే, వెనక్కి నడిస్తే పచ్చిక. ఏ అడుగు దగ్గర చుక్కలు పచ్చికగా మారాయో కనిపెట్టడం పిల్లలకు మంచి ఆట. పెద్దలకు కూడాను. ఒక్కటే జాగ్రత్త, వెనక్కి నడిచేటప్పుడు వెనక ఎవరైనా ఉన్నారేమో చూసుకోండి.

కాళ్లతో పాటు మెడ కూడా వాడాలి. లూవ్ర్‌లో మోనాలిసా గది మీరు ఫోటోల్లో చూసే ఉంటారు. 77 సెంటీమీటర్ల ఎత్తు, 53 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న బొమ్మ ముందు వందల చేతులు, వందల ఫోన్లు. ఆ జనమంతా వీపు తిప్పి నిలబడేది ఎవరికో తెలుసా? ఎదుటి గోడ మీద ఉన్న వెరోనీస్ 'కానా పెళ్లి'కి. దాదాపు పది మీటర్ల వెడల్పు. లూవ్ర్‌లో ఇంతకన్నా పెద్ద పెయింటింగ్ లేదు. 1563లో వెనిస్‌లోని ఒక మఠం భోజనశాల కోసం పూర్తి చేశారు, 1797లో నెపోలియన్ సైన్యం పట్టుకొచ్చింది. అందులో నూటికి పైగా మనుషులున్నారు. మాంసం కోసేవాడు, వాద్యాలు వాయించేవాళ్లు, కుక్కలు, ద్రాక్షసారాను గ్లాసులో పరీక్షగా చూసుకుంటున్న ఒకాయన. ఆ గదిలో వెనక్కి తిరిగితే చాలు, తోపులాట లేకుండా ఒక పెళ్లంతా మీదే. మోనాలిసా విషయంలో జనం తీరే అంత. 1911లో దాన్ని ఎత్తుకెళ్లినప్పుడు ఖాళీ గోడ చూడటానికి కూడా వరసకట్టి వచ్చారు.

బొమ్మ వెనకవైపు చూసే అవకాశం కూడా ఒక్కోచోట దొరుకుతుంది. వాషింగ్టన్‌లో లియొనార్డో గీసిన 'జినెవ్రా దె బెంచీ'ని గోడకు తగిలించకుండా చుట్టూ తిరిగి చూసేలా పెట్టారు. ముందు మొహం, వెనక జూనిపర్ అనే చెట్టు రెమ్మ, దాని చుట్టూ రెండు కొమ్మలు, ఒక లాటిన్ వాక్యం. ముందు చూసి వెళ్లిపోయినవాళ్లు సగం లియొనార్డోను వదిలేసినట్టే. శిల్పాల సంగతి ఇక చెప్పక్కర్లేదు. శిల్పాన్ని ఒకవైపు నుంచే చూసి వచ్చేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

లేబుల్ గురించి ఒక మాట. ముందు బొమ్మ, తర్వాత లేబుల్. ఈ వరస తప్పితే లేబుల్ చెప్పింది మాత్రమే బొమ్మలో కనిపిస్తుంది. కానీ చదివేటప్పుడు చివరిదాకా చదవండి. చిత్రకారుడి పేరు, సంవత్సరం దగ్గర ఆగిపోతాం మనం. అసలు సరదా చివరి చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఎవరిచ్చారు, ఎప్పుడు వచ్చింది అన్నది అక్కడే రాస్తారు. దాని పక్కన ఒక నంబరు. మెట్రోపాలిటన్‌లో వెర్మీర్ గీసిన 'నీళ్ల కూజా పట్టుకున్న యువతి'కి 89.15.21 అని ఉంటుంది. మొదటి 89 అంటే అది 1889లో ఆ మ్యూజియానికి చేరిందని అర్థం. హెన్రీ మార్క్వాండ్ అనే ఆయన ఇచ్చారు. ఈ సంగతి తెలిశాక ఒక గదిలో నంబర్లు మాత్రమే చదువుకుంటూ వెళ్లండి. ఎవరి డబ్బుతో, ఏ కాలంలో ఈ గోడలు నిండాయో ఒక కథ బయటపడుతుంది. కొన్నిచోట్ల ఆ కథ అంత అందంగా ఉండదు, అదీ తెలుసుకోవాల్సిందే.

ఇప్పుడు పెన్సిలు. "నాకు బొమ్మలు వేయడం రాదండీ" అంటారు కదా, అలాంటివాళ్లకే చెబుతున్నాను. చాలా మ్యూజియంలు పెన్సిలుతో స్కెచ్‌బుక్‌లో గీసుకోనిస్తాయి. పెన్నూ సిరా రంగులూ మాత్రం ఒప్పుకోవు. కొన్నిచోట్ల మడత కుర్చీలు కూడా ఊరికే ఇస్తారు, అడగాలంతే. గీసింది ఎవరికీ చూపించక్కర్లేదు. ఒక నలుచదరం గీసి, బొమ్మలో పెద్ద చీకటి ఎక్కడుంది, పెద్ద వెలుగు ఎక్కడుంది, మనుషుల చూపులు ఎటువైపు ఉన్నాయి అని నాలుగు గీతలు పెట్టండి. చెయ్యి కదులుతుంటే కన్ను దాటవేయలేదు. అదే దీని లాభం.

ఈ పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. లూవ్ర్‌లో మొదటి నుంచీ చిత్రకారులు కూర్చుని పాత బొమ్మలకు నకళ్లు వేసుకునేవాళ్లు. పారిస్‌లో ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్ట్ 1897 దాకా ఆడవాళ్లను చేర్చుకోలేదు. మరి బెర్త్ మోరిసో, మేరీ కాసట్ లాంటి చిత్రకారిణులు ఎక్కడ నేర్చుకున్నారు? ప్రైవేటు గురువుల దగ్గర కొంత, మిగతాది లూవ్ర్‌లో నకళ్లు వేస్తూ. కాలేజీ తలుపు మూసింది, మ్యూజియం తలుపు తెరిచి ఉంది. మోరిసోకు చిత్రకారుడు మానేతో పరిచయమైంది కూడా అక్కడే. ఇప్పటికీ లూవ్ర్‌లో అనుమతి తీసుకుని నకళ్లు వేసేవాళ్లు కనిపిస్తారు. నకలు అసలుకన్నా పెద్దదో చిన్నదో అయి తీరాలి, ఒకే కొలత ఉండకూడదు. ఎందుకో మీకు తెలుసు. (నవ్వులు) అలా ఎవరైనా కనబడితే కాసేపు వెనక నిలబడి చూడండి, ఒక పాఠం ఉచితం. పని మధ్యలో పలకరించకండి, పాపం.

మనుషుల సంగతికి వద్దాం. వాలంటీర్లు నడిపే ఉచిత టూర్లు చాలాచోట్ల ఉంటాయి. సమాచార బల్ల దగ్గర అడిగితే ఆ రోజు వేళలు చెబుతారు. మంచి గైడు దొరికితే అదృష్టం, మరీ తేదీలు అప్పజెప్పే గైడు దొరికితే మెల్లగా వెనకబడిపోండి. ఎవరూ ఏమీ అనుకోరు. నేను మాత్రం గార్డులను అడుగుతాను. ఒకే గదిలో రోజుకు అన్ని గంటలు నిలబడేవాళ్లు వాళ్లు. సేకరణ బాధ్యత చూసే క్యురేటర్ కూడా ఆ బొమ్మతో అంతసేపు ఉండడు. బాల్టిమోర్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ 2022లో ఈ విషయాన్ని గుర్తించి, తన గార్డుల్లో 17 మంది చేతే బొమ్మలు ఎంపిక చేయించి ఒక ప్రదర్శన పెట్టింది. జనం తక్కువగా ఉన్నప్పుడు మర్యాదగా "ఈ గదిలో మీకు ఏది ఇష్టమండీ?" అని అడిగి చూడండి. గైడు పుస్తకంలో లేని జవాబు వస్తుంది.

చాలామందికి తెలియని పని ఒకటుంది, దీని మీద కాస్త ఎక్కువసేపే మాట్లాడతాను. కాగితం మీది బొమ్మలు, అంటే చేత్తో గీసిన డ్రాయింగులు, అచ్చు తీసిన ప్రింట్లు, వెలుగు తగిలితే పాడవుతాయి. అందుకే వాటిని మసక దీపాల కింద, 50 లక్స్ (వెలుగును కొలిచే ప్రమాణం) దగ్గర, కొన్ని నెలలు మాత్రమే చూపించి మళ్లీ పెట్టెల్లో పెట్టేస్తారు. ఎక్కువ భాగం ఎప్పుడూ లోపలే ఉంటాయి. ఆ పెట్టెలు తెరిపించుకునే హక్కు మామూలు మనిషికి ఉందంటే నమ్మరు చాలామంది. బ్రిటిష్ మ్యూజియంలో ప్రింట్లు, డ్రాయింగుల విభాగానికి స్టడీ రూమ్ ఉంది. డ్రాయింగులు 50 వేల దాకా, ప్రింట్లు 20 లక్షలకు పైగా. ముందుగా రాసి అపాయింట్‌మెంట్ తీసుకుంటే, మీరు అడిగినవి తెచ్చి బల్ల మీద పెడతారు. డబ్బు అడగరు. ఊహించండి, రెంబ్రాంట్ గీసిన కాగితం, అద్దం అడ్డు లేకుండా, చేతికి ఆనేంత దూరంలో. కాగితం అంచు, సిరా ఎక్కడ చిక్కగా పడిందో ఎక్కడ కలం ఎండిపోయిందో అన్నీ తెలుస్తాయి. ఏం చూడాలో ముందే ఎంచుకుని, కోరిక స్పష్టంగా రాయండి. "అన్నీ చూపించండి" అంటే వాళ్లకు కష్టం.

లండన్ వి అండ్ ఎ, అంటే విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, ఇంకో అడుగు ముందుకు వేసింది. 2025 మే 31న తూర్పు లండన్‌లో తన గోదామునే జనానికి తెరిచింది. పేరు వి అండ్ ఎ ఈస్ట్ స్టోర్‌హౌస్. ప్రవేశం ఉచితం. సేకరణ జాబితా ఆన్‌లైన్‌లో చూసుకుని, ముందుగా ఐదు వస్తువుల దాకా ఆర్డర్ చేయొచ్చు. వెళ్లేసరికి అవి మీ కోసం బయటపెట్టి ఉంటాయి. మ్యూజియం ఏది చూపిస్తే అది చూడటం మనకు అలవాటు. ఇక్కడ నాకు ఫలానాది చూపించండి అని మనం అడుగుతున్నాం. ఈ పద్ధతి మిగతా మ్యూజియంలకూ పాకాలని నా కోరిక.

ఇంటికొచ్చాక సంగతి రెండు ముక్కల్లో. మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో మూడున్నర లక్షలకు పైగా బొమ్మల ఫోటోలను ఎవరైనా ఎలాగైనా వాడుకోవచ్చని వదిలేసింది. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం 2012 నుంచే ఇస్తోంది. దుకాణంలో పోస్టర్ కొనక్కర్లేదు, మీకు నచ్చినదాన్ని దించుకుని ప్రింట్ వేయించుకోండి. వెళ్లేముందు కూడా ఇది పనికొస్తుంది. చూడాలనుకున్న ఆ ఒక్క బొమ్మ ఈ మధ్య గోడ మీద ఉందా, ఎక్కడికైనా అరువు ఇచ్చారా అన్నది అదే వెబ్‌సైట్‌లో తెలుస్తుంది.

నా వంతు అయింది. ప్రశ్నలుంటే అడగండి.

ప్రశ్న: ఆధునిక చిత్రాలు నాకు అస్సలు అర్థం కావండీ. వాటి ముందు పది నిమిషాలు ఏం చేయాలి?

అర్థం చేసుకోవాలన్న టెన్షన్ ముందు పక్కన పెట్టండి. దేనితో చేశారు, ఎంత పెద్దది, అంచులు ఎలా ఉన్నాయి, ఎన్ని పొరలు రంగు వేశారు, ఇవి చూడండి. వీటికి చదువు అక్కర్లేదు. టేట్ గ్యాలరీకి మార్క్ రోత్కో ఇచ్చిన పెద్ద పెద్ద ముదురు ఎరుపు బొమ్మలున్నాయి. అవి లండన్ చేరిన రోజునే, 1970 ఫిబ్రవరి 25న, న్యూయార్క్‌లో ఆయన చనిపోయారు. ఆయన కోరుకున్నట్టు తక్కువ వెలుతురులో పెడతారు. ఆ గదిలోకి వెళ్లగానే ఏమీ కనిపించదు, ఏముందిక్కడ అనిపిస్తుంది. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కూర్చుంటే ఒక ఎరుపులోంచి ఇంకో ఎరుపు బయటికి రావడం మొదలవుతుంది. కూర్చున్నాక కూడా నచ్చకపోతే నచ్చలేదని చెప్పే హక్కు మీకుంది. అరనిమిషం చూసి చెబితే మాత్రం నేను ఒప్పుకోను.

ప్రశ్న: పిల్లలతో వెళ్తే వాళ్లు ఒక్కచోట నిలబడరు కదా?

నిలబడరు. మీరు వివరించడం మానేసి అడగడం మొదలుపెడితే కొంచెం నిలబడతారు. మ్యూజియం విద్యలో బాగా వాడే మూడు ప్రశ్నలున్నాయి. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? రెండో ప్రశ్న ముఖ్యం అమ్మా. ఆ అబ్బాయి ఏడుస్తున్నాడు అని పిల్ల అంటే, కాదు అనకండి, ఏం చూసి అనుకున్నావు అని అడగండి. మళ్లీ బొమ్మ దగ్గరికి వెళ్లి చూసి వస్తుంది. రెండు బొమ్మలు చాలు, తర్వాత బయట శిల్పాల తోట ఉంటే అక్కడ పరుగెత్తనివ్వండి.

ప్రశ్న: ఫోటోలు తీసుకోవచ్చా, వద్దా?

అనుమతి ఉన్నచోట ఫ్లాష్ లేకుండా తీసుకోండి. అయితే లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో ఒక ప్రయోగం ప్రచురించారు. మ్యూజియంలో కొన్ని వస్తువులను ఊరికే చూడమన్నారు, కొన్నిటిని ఫోటో తీయమన్నారు. మర్నాడు అడిగితే ఫోటో తీసినవి తక్కువగా గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు వదిలేస్తుంది కాబోలు. ఇందులోనే ఒక మెలిక ఉంది. వస్తువులో ఏదో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినవాళ్లకు ఆ నష్టం కనిపించలేదు. కాబట్టి బొమ్మ మొత్తం తీయకండి, అది ఇంతకన్నా మంచి కెమెరాతో మ్యూజియంవాళ్లే తీసి పెట్టారు. ఒక చెయ్యి, కాలి చెప్పు, మూలనున్న కుక్క, అవి తీయండి.

ప్రశ్న: మ్యూజియంలో మామూలు నడకకన్నా తొందరగా అలసిపోతాం. ఎందుకు?

కొంచెం నడిచి, ఆగి, వంగి, మళ్లీ నడవడం వల్ల. పైగా ప్రతి గదిలోనూ కన్ను కొత్తగా మొదలుపెట్టాలి. బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్ 1916లోనే దీని మీద వ్యాసం రాశారు. ఒక మనిషిని మ్యూజియంలో తిప్పి, అద్దాల పెట్టెల్లోని వస్తువులు చూడటానికి అతను ఎలా వంగాడో, ఎలా గొంతుక్కూర్చున్నాడో ఫోటోలు తీయించి ప్రచురించారు. తప్పు చూసేవాడి ఓపికది కాదు, పెట్టెలు పెట్టిన ఎత్తుది అని ఆయన వాదన. నూరేళ్లు దాటినా కింద అరలో లేబుల్ పెట్టే అలవాటు పోలేదు. మనం చేయగలిగింది చేద్దాం. సంచి, కోటు క్లోక్‌రూమ్‌లో పడేయండి, చాలాచోట్ల డబ్బు తీసుకోరు. ముప్పావు గంటకొకసారి కూర్చోండి. ఒక్కసారి బయటికి వచ్చి గాలి పీల్చుకుని మళ్లీ వెళ్లండి. టికెట్ ఉన్నచోట అయితే మళ్లీ రానిస్తారా అని తలుపు దగ్గర ముందే అడిగి బయటికి రండి.